ఫ్రెస్కో: తడిగారమీఁది చిత్రరచన

తెలుఁగున గోడమీఁది బొమ్మకెల్లఁ గుడ్యచిత్ర మను పేరు చెల్లుచున్నది. ఇటలీదేశపు చిత్రకారులు మాత్ర మిందు రెండు పద్ధతులను వేఱుపఱిచిరి. గార తడిగా నున్నప్పుడు వ్రాయునది ఫ్రెస్కో. ఆఱిన పిదప వ్రాయునది సెక్కో. ఆ భాషలో మొదటి పదమునకుఁ గ్రొత్తదనియు, రెండవదానికి ఎండినదనియు నర్థము. ఈ భేదము పేరులో మాత్రమే యున్నది కాదు. చిత్రముయొక్క యాయువే దీనిపై నాధారపడి యున్నది.

సున్నపురాయిని గాల్చినచో నందలి బొగ్గుపులుసువాయువు వెడలిపోవును. మిగిలిన సున్నమును నీటితోఁ జల్లార్చి, ఇసుకతోఁ గలిపి గోడకుఁ బూసినప్పుడు, అది గాలినుండి యా వాయువును మరల గ్రహించి క్రమముగా రాయి యగును. పూఁత తడిగా నుండఁగా నీటితో నూరిన రంగులను వేసినచో, గట్టిపడుచున్న సున్నము వాని రేణువులను దనలోఁ బంధించును. కావున ఫ్రెస్కోలో రంగునకు జిగురక్కఱలేదు. రంగు గోడపై నంటుకొని యుండదు. గోడలో భాగమై యుండును.

1400 ప్రాంతమున చెన్నీనో చెన్నీని రచించిన చిత్రకళాగ్రంథమున నీ పని వివరింపఁబడినది. మొదట గరుకుగార, దానిమీఁద రూపరేఖలు, వానిపై సన్నపుగార. ఈ రేఖలకు వాడు నెఱ్ఱమట్టిరంగును బట్టి వానికి సినోపియా యని పేరు వచ్చినది. సన్నపుగారను గోడయంతటికి నొక్కమాఱు పూయరు; ఒక్కనాఁటిలో వ్రాయఁగలిగినంత మేరకే పూయుదురు. ఆ ఖండమునకు జోర్నాత, అనఁగా దినపుఁబని, యని పేరు. ప్రొద్దుగ్రుంకునప్పటికి మిగిలిన గారను గోసివేసి, మఱునాఁ డా యంచునకుఁ జేర్చి క్రొత్తగార పూయుదురు. ఈ యంచులను బరీక్షించియే నేఁటి పండితులు ఏ భాగము ముందు వ్రాయఁబడెనో, ఎన్నినాళ్లు పట్టెనో నిర్ణయించుచున్నారు. పెద్దతప్పు దొర్లినచో గారను జెక్కి మరలఁ బూయుటయే గతి. కొన్ని రంగులు సున్నముతోఁ బొసఁగవు. ఆజురైటు అను నీలమును ఆఱిన గోడపై జిగురుతో వ్రాసిరి. పెక్కుచోట్ల మేరీమాత నీలివస్త్రము రాలిపోవుటకు నిదియే కారణము.

ఈ త్వర లియొనార్డో డావించికి సరిపడలేదు. వ్రాసినదానిని మరల మరల దిద్దుట ఆయన యలవాటు. మిలాను నగరమున సాంత మరియా దెల్లె గ్రాత్సియె మఠపు భోజనశాలలో 1495–1498 నడుమ ‘కడపటి విందు’ను ఆయన ఆఱిన గోడమీఁదనే వ్రాసెను. వెలుఁగునీడల సూక్ష్మత కిది యనుకూలించెను గాని, రంగు గోడను గట్టిగా పట్టుకొనలేదు. ఆయన జీవించియుండఁగనే, 1517లోఁ జూచినవారు చిత్రము చెడుచున్నదని గుర్తించిరి. 1999లో ముగిసిన జీర్ణోద్ధరణము ఇరువది సంవత్సరములకుఁ బైఁగా సాగినను, రాలిపోయిన లియొనార్డో వ్రాఁత తిరిగి రాలేదు.

ఫ్లోరెన్సు నగరమున సాంత మరియా దెల్ కార్మినె దేవాలయములోని బ్రాంకాచ్చి మందిరపు చరిత్ర వేఱు. అందు మసాచ్చో, స్వర్గోద్యానమునుండి వెడలఁగొట్టఁబడిన ఆదాము హవ్వలను ఫ్రెస్కోగా వ్రాసెను. అతఁడు 1428లో, ఇరువదియేడేండ్లు నిండకముందే మరణించెను. 1680 ప్రాంతమున నెవరో ఆ దిగంబరమూర్తులకు అంజూరపుటాకులను జేర్చిరి. 1771లో దేవాలయము దగ్ధమైనను మందిరము నిలిచెను. గోడలకు మాత్రము మసి పట్టెను. 1980 తరువాతి దశకమున జరిగిన శుద్ధిలో నా మసియు, నా యాకులును దొలఁగింపఁబడినవి. ఆకులు ఆఱిన గోడకుఁ బైపూఁతలు గనుక తొలఁగినవి. మసాచ్చో రంగు సున్నములో రాయియై యున్నందున నిలిచినది. నోరు తెఱచి విలపించుచున్న హవ్వ, సిగ్గుచే రెండుచేతులతో మొగము గప్పుకొన్న ఆదాము, ఆ చిత్రకారుఁడు విడిచినట్లే నేఁడు కానవచ్చుచున్నారు.