షాపు కట్టేశాక ఆట

తెనాలిలో మెడికల్ షాపు నడుపుకునే నలభై దాటిన ఆడమనిషి, రాత్రి షట్టరు దించి ఇంటికొచ్చి, నాలుగు మెతుకులు తిని, కంప్యూటరు ముందు కూర్చుని కోటలు కట్టుకుంటుందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా దగ్గర ఆర్డర్లు రాసుకోడానికి వచ్చే కంపెనీ కుర్రాడికైతే నమ్మకమే కుదరలేదు. "మీ బాబు ఆడతాడనుకున్నాను మేడమ్" అన్నాడు. మా బాబుకి క్రికెట్ తప్ప వేరే లోకం లేదు. ఆడేది నేనే. ఆదివారాలైతే ఒక్కదాన్నే కాదు. మా తమ్ముడు, మరదలు, వాళ్ల పెద్దపిల్ల, నేను డైనింగ్ టేబుల్ ఖాళీ చేసి అట్టముక్కలు పేర్చుకుంటాం. మా ఆయన టీ పెట్టిచ్చి టీవీ దగ్గరికి వెళ్లిపోతారు.

వీటిని స్ట్రాటజీ గేమ్స్ అంటారు. చేతి వేగం కన్నా ముందుచూపు ఎక్కువ పనిచేసే ఆటలు. చదరంగం ఈ కోవలోదే, కానీ చదరంగంలో రెండు పక్షాల బలగమూ మొదటి ఎత్తుకే బల్ల మీద సిద్ధంగా ఉంటుంది. నేను చెప్పే ఆటల్లో ఆ బలగాన్ని కూడా మనమే సంపాదించుకోవాలి. చేతిలో ఉన్నది తక్కువ, కావలసింది ఎక్కువ. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చుకోవడంలోనే గెలుపోటములు ఉంటాయి.

నాకీ పిచ్చి పట్టించింది మా తమ్ముడు. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ నుంచి సీడీ మీద 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' తెచ్చాడు. 1999లో వచ్చిన ఆట అది. కొత్త హంగులతో ఇప్పటికీ ఆడుతున్నారు. మొదట్లో మనకుండేది ఊరి నడుమ ఒక భవనం, ముగ్గురు పనివాళ్లు, గుర్రం మీద ఒక వేగులవాడు. ఆహారం, కలప, బంగారం, రాయి అని నాలుగే సరుకులు. ఇంకో పనివాణ్ణి తయారు చేయాలంటే 50 ఆహారం ఖర్చు, 25 సెకన్ల సమయం. వాడు గొర్రెను కోసో, చెట్టు కొట్టో తన ఖర్చు తాను తీర్చుకుని, ఆ తర్వాత లాభం తేవడం మొదలుపెడతాడు. ఆట మొదలయ్యే చీకటి యుగం దాటి పై యుగంలోకి వెళ్లాలంటే 500 ఆహారం కట్టాలి. పదిమంది పనివాళ్ల ఖరీదన్నమాట. పైగా యుగం మారుతున్నంతసేపూ ఆ భవనంలోంచి కొత్త పనివాడు రాడు. తొందరపడి మారితే పనిచేసే చేతులు చాలవు. ఆలస్యం చేస్తే ఎదుటివాడి గుర్రాలు మన పొలాల్లో తిరుగుతుంటాయి.

ఇది నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. వానాకాలానికి ముందు దగ్గు మందు ఎంత తెప్పించాలి, డబ్బంతా స్టాకులో ఇరుక్కుపోతే డిస్ట్రిబ్యూటర్ బిల్లు దేంతో కట్టాలి, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి ఏం చేయాలి, రోజూ నా బుర్రలో తిరిగేవి ఇవే కదా. అందుకే మా తమ్ముడు సైన్యం మీద పడేవాడు, నేను పొలాల మీద పడేదాన్ని. "అక్కా, నువ్వు ఊరు కడుతున్నావా, యుద్ధం చేస్తున్నావా?" అని వెక్కిరించేవాడు. వాడి సైన్యానికి కూడు కరువయ్యాక నా సైన్యం బయల్దేరేది.

ఈ ఆటలో మొదట మన దేశమే లేదు. 2013లో 'ఇండియన్స్' పేరిట ఒకే జాతిని చేర్చారు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా అందరూ ఒంటె మీదే! 2022లో 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అని కొత్త భాగం తెచ్చి, ఆ పాత జాతికి హిందుస్తానీలని పేరు మార్చి, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులు అని మరో మూడింటిని కలిపారు. ద్రావిడుల కథలో రాజేంద్ర చోళుడు నాయకుడు. ఓరుగల్లు ఊసు లేకుండా ద్రావిడులేమిటని నా ఫిర్యాదు. అయినా ఆడతాను.

ఇక 'సివిలైజేషన్' అని మరొకటుంది. 1991లో సిడ్ మయర్, బ్రూస్ షెల్లీ కలిసి తయారు చేశారు. రాతియుగంలో ఒక్క ఊరితో మొదలై అంతరిక్ష నౌక దాకా సాగుతుంది. అందులో మన దేశానికి నాయకుడు గాంధీజీ. శాంతమూర్తి గాంధీ ఆటలో ఉన్నట్టుండి అణుబాంబులు వేసేవాడని, అది లెక్కలో దొర్లిన పొరపాటని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. అదంతా కట్టుకథేనని మయర్ 2020లో అచ్చయిన తన ఆత్మకథలో తేల్చేశాడు. తమాషా ఏమిటంటే, 2010 నాటి అయిదో భాగంలో మాత్రం గాంధీకి అణుబాంబుల మోజు కావాలనే, నవ్వులాటకే పెట్టారు.

పైన షెల్లీ అన్నాను చూడండి, ఆయన దారి చూస్తే తెర ఆటలకి పుట్టిల్లు బల్లేనని తెలుస్తుంది. కంప్యూటరు ఆటల్లోకి రాకముందు ఆయన అవలాన్ హిల్ అనే అమెరికా కంపెనీలో పనిచేశాడు. అట్ట మీద ఆడే యుద్ధాల ఆటలకి, రైలు కంపెనీల ఆటలకి పెట్టింది పేరు ఆ కంపెనీ. అక్కణ్ణుంచి వచ్చి 'సివిలైజేషన్'లో చెయ్యి వేశాడు. ఆ తర్వాత 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' తయారు చేసిన వాళ్లలోనూ ఉన్నాడు. నేను మాత్రం తెర నుంచి వెనక్కి నడిచి బల్ల దగ్గరికి చేరాను.

మా పెదనాన్నగారి అమ్మాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు 'కటాన్' పెట్టె తెచ్చింది. ఆమె ఉండే చోటికి కాస్త దూరంలో, డార్మ్‌స్టాట్ దగ్గర అప్పట్లో కట్టుడు పళ్లు తయారు చేసే క్లౌస్ టాయిబర్ అనే ఆయన రూపొందించిన ఆట. 1995లో జర్మనీలో ఆ ఏటి మేటి ఆటగా బహుమతి కొట్టేసింది. ఆరు పలకల అట్టముక్కలు 19 పేరిస్తే ఒక దీవి తయారవుతుంది. ఒక్కో ముక్క ఒక్కో నేల: అడవి, పొలం, కొండ, గొర్రెల మేతబీడు, ఇటుక మట్టి. ఒక ముక్క మాత్రం ఎడారి. మిగతా ప్రతి ముక్క మీదా ఒక అంకె. రెండు పాచికలు వేసినప్పుడు ఏ అంకె పడితే ఆ నేలను ఆనుకుని ఇల్లు కట్టుకున్నవాళ్లకి అక్కడి సరుకు వస్తుంది.

ఇక్కడే అసలు కిటుకు. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. వాటిలో 6 అయిదు రకాలుగా, 8 అయిదు రకాలుగా వస్తాయి. 2 గానీ 12 గానీ ఒక్క రకంగానే వస్తుంది. కాబట్టి 12 పక్కన ఎంత మంచి పొలమున్నా ఇల్లు కట్టుకోవడం దండగ. మా మేనకోడలికి బళ్లో సంభావ్యత పాఠం ఎంతకీ ఎక్కలేదు. ఈ ఆటలో దీవి చూడగానే చెప్పేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువసార్లు పడే 7కి ఏ నేలా లేదు. అది పడితే దొంగ కదులుతాడు, చేతిలో ఏడు కార్డులు మించి దాచుకున్నవాళ్లు సగం వదులుకోవాలి. పిసినారితనానికి శిక్షన్నమాట.

కావలసిన సరుకులన్నీ ఎవరి దగ్గరా ఉండవు గనక బేరాలు తప్పవు. ఇది మనవాళ్లకి చెప్పాలా? బ్యాంకు ఒక సరుకు ఇవ్వాలంటే నాలుగు అడుగుతుంది, పక్కవాళ్లు ఒకటికో రెండుకో ఇస్తారు. "వదినా, ఒక ఇటుక ఇవ్వండి, రెండు గొర్రెలిస్తాను" అంటుంది మా మరదలు. "అమ్మకి ఇవ్వకత్తా, ఇంకొక్క ఇల్లు కడితే గెలిచేస్తుంది" అని మేనకోడలు. పది పాయింట్లు ఎవరికి ముందు వస్తే వాళ్లదే గెలుపు. మా మరదలు మామూలుగా నాలుగు మాటలు మాట్లాడని మనిషి. ఆ బల్ల దగ్గర ఆమె బేరం వింటే మా వీధిలో కూరల బండివాడు కూడా దణ్ణం పెడతాడు.

నా మనసుకి దగ్గరైన ఆట మాత్రం 'పాండెమిక్'. 2008లో మాట్ లీకాక్ చేశాడు. ఇందులో మనలో మనకి పోటీ లేదు. అందరం ఒక జట్టు, ఎదుటి పక్షం జబ్బు. ప్రపంచ పటం మీద 48 నగరాలు, నాలుగు రంగుల జబ్బులు. ఒకరు వైద్యులు, ఒకరు శాస్త్రవేత్త, ఇలా తలా ఒక పని. ఏదైనా ఊరి కార్డు తీస్తే అక్కడ ఒక చిన్న ఘనాన్ని పెట్టాలి. మూడు ఉన్నచోట నాలుగోది పెట్టాల్సి వస్తే జబ్బు పొంగి, ఆ ఊరితో దారి కలిసిన ప్రతి ఊరికీ ఒక్కొక్కటి పాకుతుంది. పటంలో హైదరాబాదు లేదు, మనకి దగ్గర చెన్నై. అది పొంగిందంటే ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, బ్యాంకాక్, జకార్తా అయిదూ గోవిందా. ఇలాంటివి ఎనిమిది జరిగితే ఆట పోయినట్టే. అది జరిగేలోపు నాలుగు జబ్బులకీ మందు కనిపెట్టాలి.

ఇందులో ఒక నియమం ఉంది, దాన్ని ఆలోచించినవాడి బుర్రకి నా నమస్కారం. మధ్యమధ్యలో 'ఎపిడెమిక్' కార్డు తగులుతుంది. అప్పుడు అప్పటిదాకా బయటపడ్డ ఊళ్ల కార్డులన్నీ కలిపి కట్ట పైన పెట్టాలి. అడుగున కాదు, పైన. అంటే ఇప్పటికే జబ్బు తగిలిన ఊళ్లకే మళ్లీ మళ్లీ తగులుతుంది. కౌంటరు వెనక నిలబడి ఊరి జ్వరాలు చూసే నాకు ఇది వింత కాదు. ఏ వీధి వాళ్లు ముందు వచ్చారో, ఆ వీధి వాళ్లే నాలుగు రోజులు వరసకడతారు. కరోనా నడిచిన రెండేళ్లూ ఆ పెట్టెను అటక మీంచి దించలేదు. తర్వాత ఆడినప్పుడు ఆట మారలేదు గానీ, చెన్నై మీద ఘనం పెట్టేటప్పుడు ఎవరూ జోకులు వేయలేదు.

ఇలాంటి కలిసి ఆడే ఆటలకి ఒక జబ్బుంది. తెలిసినవాడు అందరి ఆటా తానే ఆడేస్తాడు. మా ఇంట్లో ఆ పాత్ర మా తమ్ముడిది. అడగందే సలహా ఇవ్వకూడదని మేం నియమం పెట్టుకున్నాం. వాడు పెదవి కొరుక్కుంటూ కూర్చుంటాడు.

'పాండెమిక్' కంప్యూటర్లో కూడా వచ్చింది. ఆడాను, నచ్చలేదు. తెర మీద ఘనాలు వాటంతటవే పుడతాయి, పాకుతాయి. బల్ల మీదైతే ఒక్కో దాన్నీ మన వేళ్లతో తీసి పెట్టాలి. అప్పుడుగానీ ఏది ఎందుకు జరుగుతోందో తెలియదు. కంప్యూటరు లెక్క కట్టి ఫలితం చేతికిస్తుంది, బల్ల లెక్కల పుస్తకాన్నే చేతికిస్తుంది. ఆట నియమమంటే లోకం ఇలా నడుస్తుందని దాన్ని చేసినవాడి అభిప్రాయం. ఆ అభిప్రాయం సరైనదో కాదో ఫలితం చూస్తే తెలియదు, లెక్క చూస్తేనే తెలుస్తుంది.

దీనికి సాక్ష్యం కావాలంటే 'జాన్ కంపెనీ' చూడాలి. కోల్ వెర్లీ చేసిన ఆట, 2022లో రెండో కూర్పు వచ్చింది. జాన్ కంపెనీ అంటే మరెవరో కాదు, ఈస్టిండియా కంపెనీ. హైదరాబాదులో మా తమ్ముడి స్నేహితుడింట్లో ఉంది. పొద్దున కూర్చుంటే సాయంత్రం దీపాలు పెట్టాక లేస్తాం. ఆడేవాళ్లు తలా ఒక ఇంగ్లీషు కుటుంబం. బల్ల మీద మైసూరు, హైదరాబాదు, మద్రాసు, బెంగాలు గడులు. మన కుటుంబం కుర్రాళ్లని గుమాస్తాలుగా, సైనికాధికారులుగా ఇక్కడికి పంపాలి, పైకొచ్చాక ఇంగ్లండులో ఎస్టేటు కొనిపించి కూర్చోబెట్టాలి. కంపెనీ పేరిట అప్పు తెచ్చేది ఛైర్మను, ఆ డబ్బుతో పైకొచ్చేది అతని బంధువులు, స్నేహితులు. కంపెనీ దివాలా తీసినా, అప్పటికే సర్దుకున్న కుటుంబం గెలవొచ్చు.

1611లో ఆ కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టింది, మాకు కృష్ణ అవతలే. మా గుంటూరు సర్కారు 1788లో వాళ్ల చేతికి వెళ్లింది. బళ్లో చదువుకున్నప్పుడు ఇవి తారీఖులు. ఆ బల్ల దగ్గర అయిదుగురు తెలుగువాళ్లం దొరల వేషం కట్టి, "మైసూరు మీదికి పోదామా? మా మేనల్లుడికి పదవి వస్తుంది" అని నవ్వుతూ మాట్లాడుకుంటున్నప్పుడు ఒళ్లు జలదరించింది. ఎవరికీ దేశం మీద పగ లేదు, ఎవరి ఇల్లు వాళ్లు చక్కబెట్టుకుంటున్నారు, అంతే. ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత సూటిగా నాకు అర్థం కాలేదు. ఇలాంటి ఆట ఆడి ఆనందించడం తప్పని మా మరదలి వాదన. ఆమె ఆ రోజు ఆడలేదు. ఆమె వాదనలో న్యాయముందనే అంటాను, మళ్లీ పిలిస్తే మాత్రం నేను వెళ్తాను.

ఇవన్నీ వేలు పోసి కొనాల్సినవి, నిజమే. ఆడి చూడాలని ఉంటే పెట్టె కొనకముందు పులిజూదంతో మొదలుపెట్టండి. పాత గుళ్ల మండపాల్లో రాతిబండల మీద దాని గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. మూడు పులులు, పదిహేను మేకలు, కాయలు పెట్టడానికి ఇరవై మూడు చోట్లు. పులి మేక మీంచి దూకి దాన్ని చంపుతుంది. మేకలు చంపలేవు, పులి కదలకుండా చుట్టుముట్టి కట్టేస్తాయి. రెండు పక్షాలకీ వేరువేరు బలాలు, వేరువేరు గెలుపులు. ఇలాంటి ఆటలు చేశారని ఇప్పుడు విదేశాల్లో ఆటల కర్తల్ని మెచ్చుకుంటున్నారు, మన అరుగుల మీద అది ఎప్పటినుంచో ఉంది. సుద్దముక్కతో గీసుకోండి, పులులకి మూడు గులకరాళ్లు, మేకలకి పదిహేను చింతగింజలు చాలు. మేకల పక్షం మీరు తీసుకోండి. మేకలన్నీ గీతల మీదికి వచ్చేదాకా ఒక్కటి కూడా కదలకూడదు, ఆ నియమాన్ని మాత్రం సడలించకండి.