లీటరు నీటిలో మైక్రోగ్రాముల వేట

తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. కాడ్మియంకు ఆ హద్దు 0.003 మిల్లీగ్రాము, పాదరసానికి 0.001. ఇంత స్వల్ప మోతాదును కొలవడంలోనే చిక్కంతా ఉంది. మామూలు ఫ్లేమ్ అటామిక్ అబ్జార్ప్షన్ పరికరం సీసం విషయంలో ఆ హద్దు దగ్గరే తడబడుతుంది. ఐసీపీ-ఎంఎస్ అనే మరో పరికరం చాలా సున్నితమైనదే గానీ, లీటరుకు 35 గ్రాముల ఉప్పుండే సముద్రపు నీటిని నేరుగా పోస్తే అదీ మొరాయిస్తుంది. అందుకే కొలతకు ముందు లోహాన్ని చిక్కబరచాలి, ఉప్పును వదిలించాలి. ఘన ప్రావస్థ నిష్కర్షణ ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తుంది.

లోహాన్ని పట్టి ఉంచే గుణమున్న గుళికలను చిన్న గొట్టంలో నింపి, వాటి మీదుగా నీటిని మెల్లగా పారించడమే ఈ పద్ధతి. లోహ అయాన్లు గుళికలకు అంటుకుంటాయి, నీరు దిగిపోతుంది. తర్వాత కొద్దిపాటి సజల నైట్రిక్ ఆమ్లం పోస్తే పట్టుబడ్డ లోహమంతా అందులోకి దిగుతుంది. లీటరు నీటిలో 5 మైక్రోగ్రాముల సీసం ఉందనుకుంటే, అది 5 మిల్లీలీటర్ల ఆమ్లంలోకి చేరినప్పుడు గాఢత 200 రెట్లు పెరుగుతుంది. అప్పుడు సాధారణ పరికరం కూడా దాన్ని సులువుగా చదువుతుంది.

గుళికల్లో పేరున్నది కీలెక్స్-100 రెజిన్. దాని మీది ఇమినోడైఎసిటేట్ సమూహాలు సీసం, రాగి, కాడ్మియం వంటి వాటిని గట్టిగా పట్టుకుంటాయి. సోడియంను పెద్దగా పట్టించుకోవు. కాల్షియం, మెగ్నీషియం కొంత అంటుకున్నా, అమ్మోనియం ఎసిటేట్ ద్రావణంతో కడిగితే చాలావరకు పోతాయి. లోహాన్ని పట్టే ఆక్సీన్ అనే పదార్థం అంటించిన సిలికా, అయస్కాంతంతో లాగేసే ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు కూడా వాడుకలో ఉన్నాయి.

అసలు నేర్పంతా పీహెచ్‌లో ఉంది. ఆమ్లత్వం ఎక్కువైతే హైడ్రోజన్ అయాన్లే రెజిన్ మీది చోట్లను ఆక్రమిస్తాయి; క్షారత్వం పెరిగితే లోహం హైడ్రాక్సైడ్‌గా మారి అడుగుకు చేరుతుంది. ఇక్కడో చిన్న విచిత్రం. సీసా గోడలకు లోహం అంటకుండా సేకరించిన నీటికి ముందుగా ఆమ్లం కలిపి పీహెచ్‌ను 2 కంటే కిందికి దించుతారు; గొట్టంలో పోసే ముందు బఫర్‌తో మళ్లీ 5, 6 దగ్గరికి తెస్తారు. కుళ్లిన ఆకులలముల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు లోహాన్ని బిగించి ఉంచితే రెజిన్‌కు అది చిక్కదు. అలాంటి నీటిలోని ఆ పదార్థాలను ముందు అతినీలలోహిత కాంతితోనో, ఆమ్లంతో మరిగించో విడగొట్టాలి.

ఇంత చేసినా ఒక శత్రువు మిగిలే ఉంటుంది: ప్రయోగశాల దుమ్ము. భూమి వయసు దాదాపు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చిన అమెరికా శాస్త్రవేత్త క్లేర్ ప్యాటర్సన్, సముద్రపు నీటిలో సీసం లెక్కలు చాలావరకు కల్తీ లెక్కలేనని చూపించాడు. సీసాలు, ఆమ్లాలు, ఓడలు, చివరికి గాలి నుంచి నమూనాలోకి చేరిన సీసాన్నే చాలామంది సముద్రపు సీసంగా కొలిచారు. 200 రెట్లు చిక్కబరిచే పద్ధతి, పోసే ముందే నీటిలో చేరిన మలినాన్నీ అన్ని రెట్లే చూపిస్తుంది.

అందుకే శుద్ధజలంతో ఇదే తంతు నడిపి, అప్పుడు వచ్చిన ఖాళీ (బ్లాంక్) విలువను నమూనా విలువలోంచి తీసేస్తారు. నమూనాకు 10 మైక్రోగ్రాముల సీసం కలిపి 9.5 తిరిగి వస్తే రికవరీ 95 శాతం. ఈ రెండు అంకెలూ చూపించలేని నీటి పరీక్ష నివేదికలో సీసం విలువ ఎన్ని దశాంశాల వరకు ఉన్నా దాన్ని నమ్మాల్సిన పనిలేదు.