ఎర్ర సిగ్నల్ దగ్గర బేరం కుదరదు

ఖరగ్‌పూర్‌కు బదిలీ అయినప్పుడు భాష రాదని బెంగపడ్డాను. ఆ బెంగ వారంలోనే తీరిపోయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. మా మేనమామ కూడా శ్రీకాకుళం నుంచి వచ్చి, డ్రైవరుగా పనిచేసి ఇక్కడే రిటైరయ్యారు. షేర్ల విషయంలో నేను చేస్తున్న తప్పేమిటో మేనేజ్‌మెంట్ డిగ్రీ చదివినా తెలియలేదు. ఆయన వరండాలో కూర్చున్నప్పుడు తెలిసింది.

కొన్నేళ్ల క్రితం ఒక కంపెనీ షేర్లు 500 రూపాయల చొప్పున 200 కొన్నాను. మా అమ్మాయి చదువు కోసం దాచిన లక్ష అది. ధర 400కి దిగింది. "కొన్న ధర రాగానే అమ్మేస్తాను" అనుకున్నాను. 350కి దిగినప్పుడు సగటు ధర తగ్గుతుందని మరో 100 కొన్నాను. దానికి డబ్బు కావాలని, లాభంలో ఉన్న ఇంకో మంచి షేరును అమ్మేశాను. చివరికి ధర 110కి చేరింది. పెట్టింది 1,35,000, మిగిలింది 33,000. ఏడు నెలలపాటు ఇంట్లో ఈ మాట చెప్పలేదు.

మనసు చేసే మోసాలు

ఇందులో మొదటిది నష్టభయం. వంద రూపాయలు వచ్చిన సంతోషం కన్నా వంద పోయిన బాధ సుమారు రెట్టింపు ఉంటుందని డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధనల్లో చూపారు. ఈ అంశంపై వారి సిద్ధాంతం 1979లో వెలువడింది. 2002లో కానమన్‌కు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అమ్మనంతవరకు నష్టం కాగితం మీదే ఉందని మనసుకు సర్దిచెప్పుకుంటాం. అమ్మితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే అమ్మం.

రెండోది, లాభాన్ని తొందరగా కోసుకుని నష్టాన్ని పెంచి పోషించడం. టెరెన్స్ ఓడీన్ అనే ఆచార్యుడు అమెరికాలో ఒక బ్రోకరేజి సంస్థకు చెందిన 10,000 ఖాతాలు పరిశీలించి 1998లో ఫలితాలు ప్రచురించారు. మదుపరులు అమ్మేసిన లాభాల షేర్లు, ఆ తర్వాతి ఏడాదిలో, అట్టిపెట్టుకున్న నష్టాల షేర్ల కన్నా సగటున 3.4 శాతం ఎక్కువ రాబడి ఇచ్చాయి. నేను చేసిందీ అదే.

మూడోది, పోయినచోటే రాబట్టాలన్న పంతం. ఇది పదేపదే కొని అమ్మేలా చేస్తుంది. ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. ఒక్కొక్కరి సగటు నష్టం ఖర్చులతో కలిపి సుమారు 2 లక్షలు.

దీనికి తోడు లెక్క కూడా మనకు ఎదురే. 50 శాతం పడిన షేరు పాత ధరకు రావాలంటే 100 శాతం పెరగాలి. 500 నుంచి 110కి పడిన నా షేరు 350 శాతానికి పైగా పెరగాలి. "కొన్న ధర" నా బుర్రలోనే ఉంది. మార్కెట్‌కు దాంతో పనిలేదు.

మామయ్య మాట

ఒక ఆదివారం ఇదంతా మామయ్యకు చెప్పాను. ఆయన విని, "ఎర్ర సిగ్నల్ కనబడితే నేనేటి చేసేవాణ్ణి అల్లుడూ?" అన్నారు.

"ఆపేవారు."

"కాసేపటికి ఆకుపచ్చ అవుతుందిలే అని ముందుకెళ్లానా? లేదు కదా. ఆ ఆలోచనే బండెక్కాక రాకూడదు. రూలు ముందే ఉంటుంది. ఇంకోటి, పక్కనున్న అసిస్టెంటూ నేనూ ప్రతి సిగ్నల్‌నీ ఒకరికొకరం పైకి చెప్పుకోవాలి. ఒక్కడి కన్ను పొరబడొచ్చు. నువ్వు ఎవరికి చెప్పావు?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రే మా ఆవిడకు చెప్పాను. కోప్పడింది. డబ్బు పోయినందుకు కాదు, దాచినందుకు. మర్నాడు షేర్లు అమ్మేశాను. బాధ కలిగింది. కానీ చాన్నాళ్ల తర్వాత నిద్ర బాగా పట్టింది.

ఇప్పుడు పాటిస్తున్నవి

కొనేముందు డైరీలో మూడు మాటలు రాస్తాను: ఎందుకు కొంటున్నాను, ఎన్నాళ్లకు, ఏం జరిగితే అమ్ముతాను. ధర ఊగుతున్నప్పుడు రాసిన నియమం నియమం కాదు. అందుకే ముందే రాస్తాను.

ఆ పేజీ మా ఆవిడకు చదివి వినిపిస్తాను. పైకి చెప్పడానికి సిగ్గేస్తే, అది చేయకూడని పని అని అర్థం.

నష్టంలో ఉన్న షేరు చూసి ఒక్క ప్రశ్న వేసుకుంటాను: "ఈ డబ్బు ఈరోజు నగదుగా చేతిలో ఉంటే ఇదే షేరు ఇదే ధరకు కొంటానా?" కొనను అన్నది జవాబైతే అట్టిపెట్టుకోవడానికీ కారణం లేదు.

నష్టానికి అమ్మిన తర్వాత నెల రోజులు ఏ షేరూ కొనను. పంతం చల్లారడానికి ఆ గడువు చాలు.

పిల్లల ఫీజులు, వైద్యం, ఇంటి వాయిదాల డబ్బు మార్కెట్ దరిదాపులకు పోనివ్వను. మిగిలినదాంట్లో కొంత ప్రతినెలా మ్యూచువల్ ఫండ్‌లోకి దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేశాను. అక్కడ నా మూడ్‌తో పనిలేదు.

మనం బ్యాంకు ఉద్యోగులం కాబట్టి మరో మాట. సొంత డబ్బుతో సవ్యమైన పెట్టుబడి వేరు, సట్టా వేరు. సట్టాను మన ప్రవర్తనా నియమాలు ఒప్పుకోవు. తరచుగా కొని అమ్మేవారు ఆ నియమాలను ఒకసారి తీసి చదవడం మంచిది.

ఇంట్లో ఎవరైనా ఫోన్‌లో ధరలు చూస్తూ మౌనంగా ఉంటే, దయచేసి అడగండి. మందలించకుండా అడగండి. నన్ను ఎవరైనా రెండో నెలలోనే అడిగి ఉంటే, అమ్మాయి చదువు డబ్బులో సగమైనా మిగిలేది.