వాలి తొక్కే సైకిల్‌ను వేగంతోనే కొలవాలా?

1933 జులైలో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే రెండో శ్రేణి రేసర్ వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాపి సైకిల్ తొక్కాడు. గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్లి, 1914 నుంచి ఆస్కార్ ఎగ్ పేరిట ఉన్న రికార్డును దాటేశాడు. ఆ బండి షార్ల్ మోషే తయారుచేసిన వెలోకార్. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఇలాంటి బండ్లను పోటీల నుంచి తప్పించింది. ఆ అన్యాయం సంగతి ఎంత చెప్పుకున్నా తీరదు కానీ, దానివల్ల ఇంకో నష్టం జరిగింది. ఇలా వాలి తొక్కే రికంబెంట్ సైకిల్ గురించి మాట వస్తే చాలు, చర్చంతా వేగం చుట్టూనే తిరుగుతోంది. రోజూ తొక్కేవాడికి కావలసింది వేరు. మణికట్ల మీద, మెడ మీద భారం లేని కూర్చునే తీరు కావాలి. అది రద్దీలోనూ గతుకుల బాటలోనూ పనికొస్తుందా అన్నది సీటు ఎత్తును బట్టి, చక్రాల సంఖ్యను బట్టి ఉంటుంది తప్ప, కేవలం వాలి కూర్చోవడాన్ని బట్టి కాదు.

నగరంలో మొదట వినిపించే అభ్యంతరం, లారీ డ్రైవర్‌కు కనబడదని. నేలకు జానెడు ఎత్తులో సాగే రేసు బండి విషయంలో ఇది ముమ్మాటికీ నిజం. దాన్ని రద్దీలోకి తేకూడదు. కానీ రెండూ పెద్ద చక్రాలే ఉండి, సీటు ఎత్తుగా ఉన్న రకంలో తొక్కేవారి కళ్లు కారు డ్రైవర్ కళ్ల ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. గట్టిగా బ్రేకు వేస్తే హ్యాండిల్ మీదుగా తలకిందులయ్యే ప్రమాదం కూడా మామూలు సైకిల్ కన్నా బాగా తక్కువ. అసలు ఇబ్బంది నెమ్మదిగా వెళ్లేటప్పుడు వస్తుంది. అరచేతిలో పొడవాటి కర్రను నిలబెట్టినంత తేలిగ్గా పొట్టి పుల్లను నిలబెట్టలేం; మామూలు సైకిల్ కన్నా బరువు కిందికి ఉన్న ఈ బండి కూడా ట్రాఫిక్‌లో అడుగడుగునా ఆగి కదిలేటప్పుడు అలాగే తూలుతుంది. తల తిప్పి వెనక్కి చూడటమూ కష్టమే కాబట్టి అద్దం తప్పనిసరి. మూడు చక్రాల రకానికి ఈ తూలుడు ఉండదు గానీ, వెడల్పు ఎక్కువ. వాహనాల సందుల్లోంచి దూరిపోలేదు. ఎక్కువ మోడళ్లలో సీటూ కిందికే ఉంటుంది కాబట్టి పొడవాటి కర్రకు జెండా కట్టుకోవాలి.

రాళ్లబాటలో లెక్క మారుతుంది. మామూలు సైకిల్ మీద గతుకు రాగానే పెడళ్ల మీద లేచి నిలబడతాం, మోకాళ్లే స్ప్రింగుల్లా పనిచేస్తాయి. వాలి కూర్చున్నవారు లేవలేరు, కుదుపంతా నేరుగా వెన్నుకు తగులుతుంది. అందుకే ఇక్కడ సస్పెన్షన్ ఉన్న మూడు చక్రాల బండికే నా ఓటు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎంత చిన్న గేరులోనైనా, నడక కన్నా నెమ్మదిగానైనా అది పడిపోదు. దానికీ లోపాలున్నాయి: ఒక రాయిని ఒక చక్రం తప్పించుకుంటే ఇంకోటి ఎక్కేస్తుంది, ముందు రెండు చక్రాలున్న రకంలో బరువు ముందుకు పడి, వదులు కంకర ఎత్తుల్లో వెనక చక్రం జారుతుంది. పెడల్ నుంచి పాదం జారి నేలకు తగిలితే బండి కిందికి లాక్కుపోయి కాలు విరిగే ప్రమాదం ఉంది, కాబట్టి పాదాలను పట్టి ఉంచే పెడళ్లు లేకుండా బయల్దేరకూడదు. ఒక్కరే పట్టే ఇరుకు కొండదారి మామూలు సైకిల్‌దే. జీపు పట్టేంత అడవి మట్టిరోడ్డు మాత్రం నడుం నొప్పితో సైకిల్ మానేసినవారికి కూడా అందుబాటులోకి వస్తుంది.