జపాను పాఠశాలలో పరదేశోపాధ్యాయుడు

జపాను దేశమునందు 1948 నుండి నవంబరు 3వ తేది సంస్కృతీ దినముగా పాటింపబడుచున్నది. ఆ శరదృతువునందే పెక్కు పాఠశాలలు ‘బుంకసాయి’ యను ఉత్సవమును జరుపుకొనును. 1987లో ప్రారంభమైన జెట్ పథకము క్రింద ఆంగ్లబోధనకు తోడ్పడ వచ్చిన విదేశోపాధ్యాయునకు అది యొక పరీక్ష. భాష రాదు, ఆచారములు తెలియవు. వాకిట బూట్లు విడిచి, లోపలి చెప్పులు తొడిగి, అతిథివలె నిలుచుండును.

బాలబాలికలు తాము కుంచెతో వ్రాసిన అక్షరములను గోడలకు తగిలింతురు. తరగతికొక బృందముగా పాడుదురు. అతడు మెచ్చుకొని చప్పట్లు చరచినను పరాయివాడే. ఉత్సవము ముగియగనే పిల్లలే చీపుళ్లు, తడిగుడ్డలు చేపట్టి గదులు శుభ్రపరతురు. అప్పుడతడును ఒక చీపురు అందుకొన్నచో, మాట రాకున్నను వారిలో నొకడగును. చూచువానికి మర్యాద దొరకును; కలసి పనిచేయువానికి చెలిమి దొరకును.