జాబితాకెక్కని అవస్థ

1995 చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాలను 2016 డిసెంబరులో పార్లమెంటు 21 చేసింది. ఆ జాబితాను నేను రెండుసార్లు చదివాను. ఆటిజం ఉన్నది, అభ్యసన వైకల్యం ఉన్నది. మనసును ఒకచోట నిలువనీయని ఏడీహెచ్‌డీ పేరు మాత్రం లేదు. ఆ అవస్థ గల పిల్లవాణ్ణి మనం అల్లరివాడంటాము, పెద్దవాణ్ణి బద్ధకస్తుడంటాము. మందు ఏకాగ్రతకు కొంత తోడ్పడుతుంది. ఏళ్ల తరబడి పడిన మాటల మాటేమిటి? వారం వారం ఓపికగా విని, పనిని చిన్న చిన్న భాగాలుగా చేసుకోవడం నేర్పే సలహాదారు కావాలి. మానసిక చికిత్స పొందడం హక్కు అని 2017 చట్టం ప్రకటించింది. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే పలుకుతారు, సంతోషమే. కాని ఫోను పెట్టేసిన తరువాత వెళ్లవలసిన జిల్లా ఆసుపత్రిలో ఆ సలహాదారు కుర్చీ ఎక్కడ? మన సభ్యులు ప్రశ్నోత్తరాల సమయంలో అడుగవలసినది ఇదే.