పెడన సీడీ నుంచి ఐబొమ్మ దాకా

2025 నవంబర్‌లో ఒక రాత్రి మా హాస్టల్‌లో పక్క రూమ్ వాడు తలుపు తోసుకొచ్చి, "అరేయ్, ఐబొమ్మ పోయిందిరా!" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ బాధేసింది. ఒక సినిమా సగంలో ఉంది మరి.

సగం సినిమా అంటే నాకు ఇంకోటి గుర్తొస్తుంది. 2013లో నాకు ఎనిమిదేళ్లు. మా రెడ్డిగూడెంలో సెల్ షాపుకి మెమరీ కార్డు తీసుకెళ్తే పాటలూ సినిమాలూ ఎక్కించి ఇచ్చేవాళ్లు. అలా నాన్న ఫోన్‌లోకి 'అత్తారింటికి దారేది' వచ్చింది, అదీ రిలీజ్ కాకముందే. గంటన్నర ఆడి ఠక్కున ఆగిపోయింది. ఫోన్ పాడైందనుకున్నాను.

పాడైంది ఫోన్ కాదు. 2013 సెప్టెంబర్ 22న ఆ సినిమాలో దాదాపు 90 నిమిషాలు బయటికి లీకైంది. సీడీలు దొరికింది మన కృష్ణా జిల్లా పెడనలోనే. పోలీసులు అక్కడి షాపు నుంచి తీగ లాగితే అది సినిమా పని జరిగిన చోటు దాకా వెళ్లింది. ఒక చెయ్యి నుంచి ఇంకో చేతికి మారుతూ వచ్చిన ఆ గొలుసులో ఒక కానిస్టేబుల్ కూడా ఉన్నాడని అప్పట్లో పోలీసులు చెప్పారు. అక్టోబర్‌లో రావాల్సిన సినిమాని హడావిడిగా సెప్టెంబర్ 27కే వదిలారు. సూపర్ హిట్టయింది, అది వేరే సంగతి.

ఇంటి దొంగ పని కాబట్టి గొలుసు దొరికింది. థియేటర్‌లో కెమెరాతో తీస్తే ఎలా పట్టుకుంటారు? మనలాంటి వాళ్లకి నచ్చే సంగతి ఇదే. డిజిటల్ థియేటర్లకి ప్రపంచమంతా వాడే డీసీఐ ప్రమాణాల ప్రకారం, సినిమా ఫైలు ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది. దాన్ని తెరిచే తాళంచెవి ఆ థియేటర్ సర్వర్‌కి మాత్రమే, అదీ చెప్పిన తేదీల మధ్యే పనిచేస్తుంది. ఆడేటప్పుడు సర్వరే బొమ్మలో కంటికి కనపడని వాటర్‌మార్క్ కలుపుతుంది. మొత్తం 35 బిట్లు. అందులో 16 బిట్లు టైముకి: సంవత్సరంలో ప్రతి పావుగంటకీ ఒక నంబర్ ఇస్తే 366 × 96, అంటే 35,136 అవుతాయి, 16 బిట్లలో హాయిగా పడతాయి. మిగిలిన 19 బిట్లు ఏ థియేటరో, ఏ మెషీనో చెప్పడానికి. అవి 5,24,288 నంబర్లకి సరిపోతాయి. ఐదు నిమిషాల ముక్క దొరికినా చాలు, ఎక్కడ ఎప్పుడు తీశారో చదవొచ్చు. మా వైపు మామిడి పెట్టె మీద తోట పేరు రాస్తారు, పెట్టె మారిస్తే పేరు పోతుంది. ఇక్కడ పేరు కాయ లోపలే ఉంటుందన్నమాట.

కానీ ఐబొమ్మకి కెమెరా అక్కర్లేదు. ఎక్కువగా ఓటీటీలోకి వచ్చిన సినిమానే శుభ్రమైన కాపీగా పెట్టేవాళ్లు, అందుకే మనకంత నచ్చింది. ఒకప్పుడు పోలీసులకే సవాలు విసిరిన సైటు అది. నడిపాడన్న ఆరోపణతో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకతన్ని కూకట్‌పల్లిలో అరెస్ట్ చేశారు. అతని దగ్గర 50 లక్షల మంది డేటా ఉందని కమిషనర్ సజ్జనార్ చెప్పారు. బెట్టింగ్ యాప్‌ల ప్రచారమూ ఆ సైటు ద్వారా జరిగిందన్నారు. టికెట్ లేకుండా చూస్తున్నాం అనుకున్నాం కదా! ఆ 50 లక్షల్లో నేనున్నానో లేదో.

చట్టం సంగతికొస్తే, 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ల జైలు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి జరిమానా పెంచారు: కనీసం 3 లక్షలు, గరిష్ఠం సినిమా ఖర్చులో 5 శాతం. సైట్లని ఆపడం మాత్రం ఇంకా తిప్పలే. ఒక డొమైన్ బ్లాక్ చేస్తే రేపటికి ఇంకో తోకతో వస్తుంది. 2019లో ఢిల్లీ హైకోర్టు దీనికే 'డైనమిక్ ఇంజంక్షన్' ఇచ్చింది. కొత్త నకలు సైటు పుట్టిన ప్రతిసారీ కొత్త కేసు వెయ్యక్కర్లేదు, పాత ఆర్డర్‌లోనే చేర్చుకోవచ్చు.

చైనా వాళ్లు 2005 నుంచి ఏటా 'స్వర్డ్ నెట్' పేరుతో దాడులు చేస్తున్నారు. 2014లో క్వైబో అనే వీడియో ప్లేయర్ కంపెనీకి 26 కోట్ల యువాన్ల జరిమానా వేశారు. 2021లో విదేశీ సీరియళ్లకి చైనీస్ సబ్‌టైటిల్స్ వేసి పెట్టే రెన్‌రెన్ యింగ్‌షీని మూసి, నడిపినతనికి మూడున్నరేళ్లు జైలు వేశారు. అప్పుడు అక్కడి కుర్రాళ్లూ నెట్‌లో మా హాస్టల్‌లాగే ఏడ్చారు. వాళ్ల ఏడుపులో కొంత న్యాయముంది, ఆ సీరియళ్లలో చాలావాటికి అక్కడ వేరే దారి లేదు. మనకా వంక లేదు. ఉన్నది నాలుగైదు యాప్‌లకి నెలనెలా కట్టలేని జేబు. ఇది సాకే, కానీ అబద్ధం మాత్రం కాదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ సెల్ షాపు అంకుల్ని అడిగాను, అప్పట్లో ఆ సినిమా మీకెవరిచ్చారని. ఇప్పుడాయన రీచార్జ్‌లు, ఆధార్ జిరాక్స్‌లు చేస్తున్నాడు.

"ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిచ్చారు బాబూ. ఎవరో ఇప్పుడేం గుర్తు! మీ నాన్న మాత్రం మిగతా సగం ఎప్పుడొస్తదని రెండుసార్లు అడిగాడు."